విశ్వావసు ఆటలకు కలిసొచ్చిందా?

మూసాపేట, హైదరాబాదు
డిసెంబరు 27

మామకు,

భార్గవి నమస్కారాలు. ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజీ పెడితే అత్త ఫోన్లో అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని చదవవు. అందుకే ఆఫీసులో అందరూ నన్ను వింతగా చూస్తున్నా పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్నా.

నాకొక చిక్కు వచ్చిపడింది మామా. నువ్వు పాణ్యం జనానికంతా రాబోయే ఏడాది ఎట్లుంటుందో చెప్పే సిద్ధాంతివి. నాకేమో అయిపోయిన ఏడాది ఎట్లుండెనో చెప్పే పని పడింది.

మా కంపెనీ మాదాపూర్‌లో వీడియో గేమ్‌లు తయారు చేస్తుందని నీకు తెలుసు కదా. యజమాని సాయిచంద్ గారు నన్ను పిలిచి, "ఈ సంవత్సరం గేమ్‌లకు మంచిదా కాదా, ఒకసారి వెనక్కి తిరిగి చూసి రాయి, మన వెబ్‌సైట్లో పెడదాం" అన్నారు. సరేనని కూర్చున్నా. ఇంకా కూర్చునే ఉన్నా.

ఒకవైపు చూస్తే ఇంత మంచి గేమ్‌లు వచ్చిన ఏడాది ఈమధ్య లేదు. ఐదారుగురు కూడి చేసినవి కూడా పెద్దవాళ్లను పక్కకు నెట్టినాయి. ఇంకోవైపు చూస్తే, లోకమంతా ఎదురుచూసే పెద్ద గేమ్ మళ్లీ వాయిదా పడింది. చాలాచోట్ల గేమ్‌కు మెప్పు వచ్చిన నెలలోనే దాన్ని చేసినవాళ్ల ఉద్యోగాలు ఊడినాయి. పెళ్లి భోజనం అమృతం, వంటవాళ్లను మాత్రం ఆకలితో పంపేసినారు. అది మంచి పెళ్లా, చెడ్డ పెళ్లా? నువ్వే చెప్పు.

మా గేమ్ కూడా డిసెంబరు మొదట్లో విడుదలైంది. వచ్చినోళ్లు వచ్చినట్టే పోతున్నారు. కారణం ఒక్కటే, బాస్. మొదట్లోనే ఎదురొస్తాడు. ఉత్త తేలు. ఒక్క దెబ్బ కొడితే మనిషి లేవడు. ఎవరూ చంపలేకపోతున్నారు. ఇట్లే సాగితే మా టీంను కూడా ఇంటికి పంపిస్తారని గుసగుసలు.

ఇట్లు,
నీ మేనకోడలు భార్గవి

తా.క. నాతో గదిలో ఉండే లావణ్య తెలుసు కదా, కరీంనగర్ పిల్ల. ఆమె ఉద్యోగమే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాస్‌ను చంపాలని చూడడం. జీతమిచ్చేది దానికే.

* * *

పాణ్యం
పుష్య మాసం

చిరంజీవి భార్గవికి,

మేనమామ సుబ్బరాయుడి ఆశీస్సులు. ఇక్కడ మేం బాగున్నాం. అక్కడ నువ్వూ బాగున్నావనుకుంటా ఉత్తరం విప్పినా. చదివినాక ఆ నమ్మకం పోయింది.

ముందు ఒక మాట. ఏడాది అయిపోయింది అంటావేంది పాపా? విశ్వావసు నామ సంవత్సరం ఉగాది దాకా ఉంది. ఇంకా పుష్యమే నడస్తా ఉంది, మాఘం ఉంది, ఫాల్గుణం ఉంది. పైరు చేలో ఉండగానే ఎన్ని బస్తాలైనాయని అడిగినట్టుంది నీ అడగడం.

అదీగాక, జరిగిపోయిన ఏడాదికి ఫలితం అడిగిన మొదటి మనిషివి నువ్వే. జరగబోయేదైతే ధైర్యంగా చెబుతా. తప్పినా వచ్చే ఉగాదికి జనం మర్చిపోతారు. జరిగిపోయినదానికి సాక్షులుంటారమ్మా, నాకది అలవాటు లేదు.

అయినా నువ్వు అడిగినావు కాబట్టి చూస్తా. మీ ఆట పుట్టిన తేదీ, వేళ, ఊరు రాసి పంపు. డిసెంబరు మొదట్లో అంటే శుక్ర మూఢం. మూఢంలో మేం ఇంటికి గడప కూడా ఎత్తం. ఆటను లోకం మీదికి వదిలినారా? చెప్పే పెద్దోళ్లే లేరా మీ హైటెక్ సిటీలో?

ఇంక మీ బాసు సంగతి. తేలు అన్నావు కాబట్టి వృశ్చిక రాశి అయ్యుండాలి. ఆ రాశివాళ్ల మాట కుట్టినట్టుంటుంది గానీ మనసులో ఏమీ ఉండదు. ఓర్చుకోవాల. చంపడం గింపడం అని కోపంలో నోటితో అన్నా అను, కాగితం మీద పెట్టొద్దు. ఆ లావణ్యకు జీతమిచ్చి మరీ ఆ పని చేయిస్తున్నదెవరు? ఆ పిల్లతో కాస్త ఎడంగా ఉండు.

ఆశీస్సులతో,
సుబ్బరాయుడు

తా.క. ఈ విషయం మీ అత్తకు చెప్పలేదు. చెబితే సాయంత్రానికి నంద్యాలలో తెలిసిపోతుంది. పైగా ఆమెదీ వృశ్చికమే. తనవాళ్ల మీద ఈగను వాలనివ్వదు.

* * *

మూసాపేట
జనవరి 9

మామకు,

వేల నమస్కారాలు. నీ ఉత్తరం గదిలో గట్టిగా చదివినా. లావణ్య నవ్వీ నవ్వీ మంచం మీంచి పడింది. ఇంత హాస్యం ఎక్కడ దాచినావు ఇన్నాళ్లూ? "గా మామను మన ఆఫీసుల పెట్టుకుందం" అంటోంది.

నువ్వడిగిన వివరాలు: డిసెంబరు నాలుగు, మధ్యాహ్నం, మాదాపూర్. కానీ అదే క్షణంలో జపాన్‌లోనూ, బ్రెజిల్‌లోనూ కూడా పుట్టింది. అక్కడ ఒకచోట సాయంత్రం, ఒకచోట తెల్లవారుజాము. ఏ ఊరి లగ్నం పెడతావో నీ ఇష్టం.

బాస్ గురించి నువ్వేం బెంగపడొద్దు. చంపడం తప్పేం కాదు, జనం చంపాలనే కదా మేం కోరుకునేది. ఒకడు చస్తే వాడికంటే పెద్ద బాస్ వస్తాడు, అది వేరే సంగతి. ఈసారి బాణాలకు విషం పూసినాం. నిన్న లావణ్య సరిగ్గా మెడమీద కొట్టింది. సగం ప్రాణం పోయింది కూడా. అంతలో ఫోన్లో చార్జింగ్ అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. నెలాఖరులోపల ఈ బాస్ సంగతి తేలకపోతే అంతా మూసేస్తారంట.

నా బాధ వేరే మామా. తేలు చస్తేనే కదా నేను చేసిన లోయ ఎవరికైనా కనిపించేది. రెండేళ్లు కూర్చుని చేసినా ఆ లోయను, ఒక్కొక్క రాయి, ఒక్కొక్క పొద. ఎవరూ అక్కడిదాకా రావడంలేదు. ఏడాది మంచిదా చెడ్డదా అని రాయబోతే చేయి ఆడడంలేదు. ఎవరూ చూడనిదాన్ని చేయడం ఒక పనేనా అనిపిస్తుంది. నువ్వైనా చెప్పు.

నీ భార్గవి

తా.క. పొద్దున మెట్రోలో ఒక ప్రాణం పోయింది. ఇంకా రెండున్నాయి, ఫికర్ లేదంటోంది లావణ్య.

* * *

పాణ్యం

భార్గవీ,

ఆశీర్వాదం తర్వాత. ముందు నీ చేతిలో ఏమున్నా కింద పెట్టు.

నేను హాస్యమాడలేదు. నువ్వూ ఆడలేదని ఇప్పుడు అర్థమైంది. విషం, బాణాలు, మెడమీద దెబ్బ, చాలవన్నట్టు లోయ కూడా! రెండేళ్లనుంచి సిద్ధం చేస్తున్నావా ఆ లోయను? చిన్నప్పుడు చీమ చచ్చిపోయిందని అన్నం మానేసిన పిల్లవి. నిన్ను ఏ నీళ్లు ఇట్లా చేసినాయి?

మెట్రోలో పోయిన ఆ ప్రాణం ఎవరిది? వాళ్లింట్లో చెప్పినారా? ఇంకా రెండున్నాయంటే ఏమని అర్థం?

పోలీసులకు చెప్పడానికి మనసొప్పలేదు. చెప్పకుండా ఉండడానికీ ఒప్పలేదు. నాలుగు పూటలు అన్నం సయించక చివరికి మీ సాయిచంద్ గారికే స్పీడు పోస్టులో ఉత్తరం పంపినా. చిరునామా నువ్వు పంపిన ఆఫీసు కవరు మీద అచ్చేసి ఉంది కదా. ప్రాణగండం ఉందనీ, మాఘం దాటేదాకా ఎవరినీ పనిలోంచి తీయొద్దనీ, ఏదీ మూయొద్దనీ, ఒంటరిగా లిఫ్టు ఎక్కొద్దనీ రాసినా. నీ పేరు ఎక్కడా ఎత్తలేదు.

సుబ్బరాయుడు

తా.క. నీ జాతకం మళ్లీ తీసి చూసినా. హత్య ఎక్కడా లేదు. చిత్రలేఖనం అని ఉంది. నువ్వైనా తప్పుచేస్తున్నావు, నేనైనా తప్పు చూసినా.

* * *

మూసాపేట
ఫిబ్రవరి 22

మామా,

ముందు పాదాలు పట్టుకుంటా, తర్వాత పోట్లాడతా.

నీ ఉత్తరం అందిన రోజే అత్తకు ఫోన్ చేసి అంతా చెప్పినా. బాస్ అంటే మా ఆఫీసులో మనిషి కాదు, ఆటలో అడ్డం వచ్చే పెద్ద శత్రువు. తేలు అంటే రాశి కాదు, నిజంగా తేలే, ఏనుగంత. ఆటలో మనకిచ్చే ప్రాణాలు మూడు, పోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. గేమ్‌ను ఆమె ఫోన్లోకి దించుకుని నీకు చూపించమని కూడా చెప్పినా. చూపించిందనే అనుకుంటున్నా. ఇన్నాళ్లూ రాయలేకపోయినందుకు క్షమించు. ఇక్కడ జరిగింది విను.

సాయిచంద్ గారు పూణేలో పెరిగిన మనిషి. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కింద సెక్యూరిటీలో ఉండే కొమురయ్యను చదవమన్నారు. అందరూ భోంచేసి వచ్చే వేళ, లిఫ్టుల ముందర. కొమురయ్యది పెద్ద గొంతు.

"'ఆయుష్మంతులైన సాయిచంద్ గారికి. మీ ప్రాణానికి మీ ఆఫీసులోనే గండమున్నది' అని రాసిండ్రు సార్" అన్నాడు. మళ్లీ కాగితంలోకి చూసి, "జర పక్కకు నడుండ్రి సార్, ఇంకా శానా ఉన్నది" అన్నాడు. అప్పటికే సగం ఆఫీసు అక్కడ నిలబడి ఉంది.

సార్ మెట్లెక్కి పైకొచ్చి అందరినీ పిలిచినారు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"మీలో ఎవరైనా నన్ను చంపాలనుకుంటున్నారా? అంటే, ఎవరైనా... బాస్‌ను?"

వెనక ఫోన్లో తలదూర్చి ఉన్న లావణ్యకు చివరి మాట ఒక్కటే చెవిన పడింది. "రెండు నెలల సంది గదే చేస్తున్నం సార్. ఎంత కొట్టినా సస్తలేడు" అంది.

సార్ కుర్చీలో కూలబడ్డారు. నేను లేచి, తప్పు నాదనీ, ఉత్తరం మా మామదనీ చెప్పినా. లావణ్య ఫోన్ తెచ్చి తేలును చూపించింది. ఆయన ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన గేమేనా?" అన్నారు.

నమ్ముతావా మామా? యజమాని అన్నమాటే గానీ ఆ మనిషి ఒక్కసారి కూడా మా గేమ్ ఆడలేదు! అక్కడే కూర్చుని మొదలుపెట్టినారు. మొదటి దెబ్బకే ప్రాణం పోయింది. మళ్లీ పోయింది. మెడలో ఐడీ కార్డు అడ్డమొస్తోందని తీసి పడేసినారు. "ఇది చావదేంటయ్యా!" అని అరిచినారు. "గదే సార్ మేం మొత్తుకునేది" అంది లావణ్య.

ఆ తర్వాతి మంగళవారమే మా టీంను మూసేయాలని అనుకున్నారంట. సంగతి మాకు తెలిసిపోయి పగబట్టినామని భయపడ్డారంట. అంతా నవ్వుకున్నాక కూడా ఆయన నీ ఉత్తరం జేబులోనే పెట్టుకున్నారు. "మాఘం ఎప్పుడు దాటుతుంది?" అని నన్ను పక్కకు పిలిచి అడిగినారు. దాటేదాకా ఆగినారు. ఈలోపల మేం తేలుకు కొంచెం ఆయాసం పెట్టినాం, తోక విసిరినాక ఊపిరి తీసుకునేట్టు. ఇప్పుడు జనం దాటుతున్నారు. లోయలోకి వస్తున్నారు. పోయినవాళ్లూ తిరిగొస్తున్నారు.

మా టీం ఉంటుంది మామా. నీవల్లే అనాలో, నీ పొరపాటువల్ల అనాలో తెలీడంలేదు.

ఆ వ్యాసం మాత్రం ఇంకా రాయలేదు. డిసెంబరుతో ఆపితే మాది చెడ్డ ఏడు, ఉగాదితో ఆపితే మంచి ఏడు. మా పక్క బిల్డింగులో గేమ్‌లు చేసేవాళ్లను సంక్రాంతికి ముందే పంపేసినారు. వాళ్లకు ఏ పంచాంగం చూసినా ఒకటే. ఏమని రాసేది?

నీ భార్గవి

తా.క. "మీ మామకు నా చెయ్యి గూడ సూపియ్యాలె" అంటున్నాడు కొమురయ్య. వరసలో సాయిచంద్ గారు ముందున్నారు. వచ్చే ఏడాది పేరు పరాభవ అని ఎక్కడో చూసి, దానికి అర్థం తెలుసుకుని, లిఫ్టు మానేసి మళ్లీ మెట్లెక్కడం మొదలుపెట్టినారు.

* * *

పాణ్యం
ఉగాది అయిన మూడో నాడు

మా బంగారు భార్గవికి,

రుక్కమ్మత్త దీవెనలు. మామ రాయకుండా నేను రాస్తున్నానని కంగారుపడొద్దు. ఆయన బాగున్నాడు. బాగుండడమే ఇప్పుడు నా బాధ.

నువ్వు ఫోన్ చేసినరోజు తేలును చూపించినా. "దీనికోసమా నేను అన్నం మానేసింది!" అని ఫోన్ నా మీదికి విసిరినంత పని చేసినాడు. రెండురోజులు నీ పేరెత్తలేదు. మూడోరోజు మధ్యాహ్నం నేను కునుకు తీసి లేస్తే, అద్దాలు పెట్టుకుని మూలన కూర్చుని తేలును తిడుతున్నాడు.

నీకు తెలియంది కాదు. చెవులు పోయినప్పటినుంచి ఆ మనిషి అరుగు మీదికి రావడం మానేసినాడు. నలుగురు మాట్లాడుకుంటుంటే ఏం జరుగుతుందో తెలీక ఊరికే తలూపి లోపలికొచ్చేసేవాడు. ఇప్పుడు అరుగు మీదే మకాం. దీనికి చెవులతో పని లేదు కదా. చుట్టూ జనం. వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు, ఈయన తోసేస్తాడు.

తేలును చంపిన రోజు ఎంత గట్టిగా నవ్వినాడో! తన నవ్వు తనకు వినపడదు కదా, అదుపు తెలీదు. వీధి చివరింటి శ్రీనివాసరావు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చినాడు, మా ఇంట్లో ఏం ఘోరం జరిగిందోనని. నేను పొయ్యి దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నా. పొగ అని చెప్పినా.

తర్వాత వచ్చిందమ్మా నీ లోయ. ఆ మొగలిపొదలు, ఆ ఎర్రరాళ్లు, ఎండ పడమటికి తిరిగితే రంగు మారడం. అందరూ ముందుకు పొమ్మంటారు, ఈయన కదలడు. ఒక రాయి మీద ఆటలో తన బొమ్మను కూర్చోబెట్టి చూస్తా ఉంటాడు. "ఇది మా పిల్ల చేసింది" అని వచ్చినోళ్లందరికీ చూపిస్తాడు, వద్దన్నవాళ్లకు కూడా.

ఉగాదినాడు పంచాంగం చదివేదానికి బలవంతాన లేపి తీసుకుపోయినాం. మేషరాశికి ఆదాయం చెప్పినాడు, వ్యయం చెప్పినాడు, రాజపూజ్యం చెప్పినాడు, ఆ ఊపులోనే "ప్రాణాలు మూడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మేషరాశివాళ్లు సంతోషంగా రాసుకున్నారు. మిగతా రాశులవాళ్లు మాకెన్ని అని గొడవకు దిగినారు.

పోయిన ఏడాది ఆటలకు మంచిదా కాదా అని నువ్వు అడుగుతున్నావని కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టినా. ఫోన్లోంచి తలెత్తకుండానే ఎడమ చేయి ఎత్తి, ఉండు అన్నట్టు చూపించినాడు. రేపు మళ్లీ అడుగుతా.

ప్రేమతో,
అత్త రుక్కమ్మ

తా.క. ఇంక నాక్కూడా ఉత్తరాలే రాయి తల్లీ. నా ఫోన్ నా చేతికి రావడంలేదు.