కేసెట్టులో రెండో వైపు

12-6-1995, రాజోలు

కువైట్ నుంచి మా ఆయన ఉత్తరం వచ్చింది. అన్నదమ్ములిద్దరికీ కలిపి మేం పంపిన కేసెట్టులో ఒక వైపు నేను మాట్లాడాను, రెండో వైపు మా తోడికోడలు మంగ. నేను రెండు రోజులు కాగితం మీద రాసుకుని, "మీ వియోగం దుర్భరంగా ఉంది" అని చదివాను. మంగ ఐదో తరగతితో ఆపేసిన మనిషి. "కొత్త కుండ కొన్నామండి. నీళ్లు చల్లగా ఉంటన్నాయి. గ్లాసు ఎత్తినప్పుడల్లా మీరక్కడ ఏం తాగుతున్నారో అనిపిస్తాదండి" అంది, అంతే.

"గదిలో అందరూ మంగ మాటలే మళ్లీ మళ్లీ పెట్టించుకుంటున్నారు. నాకూ కళ్లంట నీళ్లొచ్చేయి. నువ్వూ బాగా మాట్లాడేవు, అచ్చం రేడియోలో వార్తల్లా" అని రాశారాయన.

ఆ 'నువ్వూ' దగ్గరే ఆగిపోయాను. ఆ కుండని బజారు నుంచి మోసుకొచ్చింది నేను! నాకెందుకు తట్టలేదు?

మంగకి ఉత్తరం చూపించలేదు. సాయంత్రం తనే కొత్త కేసెట్టు పట్టుకొచ్చి, "నాకు సరిగా మాట్టాడ్డం రాదండి అక్కగారూ. మీలాగ నాలుగు మంచి మాటలు నేర్పుదురూ" అంది.

పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. వియోగం. దుర్భరం. పాపం, మూడుసార్లు తప్పు పలికింది. నాలుగోసారి సరిగ్గా వచ్చేదాకా నేను వదల్లేదు.