తెల్ల కాయిదం

సిద్దిపేట

చెల్లె జ్ఞానేశ్వరికి,

బాపు పోయినంక ఆయన సందూకల కాయిదాలన్ని సదురుతున్న. పాసుబుక్కులు ఒక ఫైల్ల, ఇంటి కాయిదాలు ఇంకో ఫైల్ల పెట్టి, పురుగు పట్టకుండ నడుమ వేపాకు ఏసిన.

చింతమడక పొలం పాసుబుక్కుల ఒక తెల్ల కాయిదం దొరికింది. కింద నీ సంతకం ఒక్కటే ఉన్నది. పొలంల వాటా నీకు వద్దని పైన తర్వాత రాసుకోవచ్చని, నీ పెండ్లికి ముందు బాపు పెట్టిచ్చుకున్నడు. నువ్వు ఎందుకని అడగలే. పెన్ను అందిచ్చింది నేనే.

దాన్ని ఏ ఫైల్ల పెట్టాలో తెల్వక మూడు దినాలు తిరిగిన. చింపేసిన అని చెప్తే నువ్వు నమ్మాలె గద.

అందుకే ఈ ఉత్తరం దాని మీదనే రాస్తున్న. పొలంల సగం నీది. ఇగ వేరే ఏం రాసేటందుకు జాగ లేదు. కింద నీ సంతకం పక్కన నాది పెడుతున్న.

మీ అన్న