అసిరమ్మ చెప్పొద్దన్న మాట

చినమొగిలిపేట,
18-1-2025.

చిరంజీవి కూర్మయ్యను మీ పక్కింటి లక్ష్మణమ్మ పిన్ని దీవించి రాయునది. ఇక్కడ నీ కూతురు క్షేమం. అక్కడ గుజరాత్ వేరావల్‌లో నీ ఒళ్లు బాగుంటే చాలు.

ఇంటి ఫోన్ ఎత్తడం మానేశావని, బోటు పనికి వస్తున్న వెంకీ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పాపకు నాలుగో నెల. బోర్లా పడుతోంది. తండ్రి వచ్చి పిలిచేదాకా పేరు పెట్టనివ్వనని మీ అమ్మ, మా అసిరమ్మక్క, పట్టుబట్టింది. పిల్లను ఎవరికి వదులుతుంది, చేపల గంప ఎత్తడం కూడా మానేసింది.

యమున పెద్దకార్యానికి వచ్చి, నా పెళ్లాన్ని నువ్వే చంపావని అందరి ముందూ తల్లిని అనేసి రైలెక్కావు. నిజమే, ఆ పొద్దున యమున కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే గంగమ్మ పూనిందనుకుంది మీ అమ్మ. వేపమండలు పట్టుకుని, పసుపునీళ్లు చల్లుతూ గంటసేపు పోగొట్టింది. మన పండుగల్లో చిన్నప్పటినుంచీ చూసింది అదే కదా. నేను పరుగెత్తుకెళ్లి, ఇది బీపీ ఎక్కువై వచ్చిన ఫిట్సని 108కి ఫోన్ చేసేలోగా రెండోసారి వచ్చేసింది. ఆసుపత్రిలో బిడ్డను తీశారు, తల్లి దక్కలేదు.

పదకొండేళ్లుగా ఆశ కార్యకర్తగా చేస్తున్నాను. కడుపుతో ఉన్నవాళ్లకు అలా వస్తే దేవత కాదని పేటలో ఒక్కరికీ చెప్పి ఉండలేదు. నాకు సిగ్గుగా ఉంది. మీ అమ్మ మీద కోపం వదిలి ఒక్కసారి రా నాయనా.

ఇట్లు,
నీ మేలు కోరే
లక్ష్మణమ్మ

తా.క. సగం నిజం రాసి కవరు అంటించాను. మనసొప్పక చింపాను. ఫిట్స్ రావడానికి రెండు రోజుల ముందు మీ అమ్మే యమునను నా దగ్గరికి తీసుకొచ్చింది. తలనొప్పి, కళ్లు మసకలు, కాళ్లు వాచాయి, చూడమంది. నా బీపీ మిషన్‌లో బ్యాటరీలు అయిపోయి అప్పటికి వారమైంది. గడి ఖాళీగా ఉంటే మీటింగులో తిడతారని పోయిన నెల అంకెలే మళ్లీ కార్డులో ఎక్కించాను. ఉక్కకు అలాగే ఉంటుంది, మజ్జిగ తాగించమని పంపేశాను.

యమున పోయిన మూడో నాడే మీ అమ్మ కాళ్లు పట్టుకుని ఇదంతా చెప్పేశాను. నువ్వు తిట్టిన రోజున ఆవిడకు అన్నీ తెలుసు. ఎందుకు నోరు మూసుకున్నావని అడిగితే ఇలా అంది:

“ఆడికి సెప్పకే సెల్లీ. నిన్ను ఎల్లగొట్టేస్తే, కడుపుతో ఉన్న ఎదురింటి రాణిని రేపు ఎవురు సూస్తారు?”

ఆవిడ మాట దాటి రాస్తున్నాను. వచ్చి నన్ను ఏమైనా అను, పడతాను. ముందు మీ అమ్మ దగ్గరికి వెళ్లు.