జీపు పుస్తకంలో రాయని రోజు

అశ్వారావుపేట,
8 డిసెంబర్ 2003, సోమవారం.

చిరంజీవి జస్టిన్‌కు నానమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంటి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. నిన్న మందిరంలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచారు, నేను లేవలేదు. వచ్చే నెల బల్ల నాటికైనా లేవగలగాలని ఇవాళ రాస్తున్నాను. ఫోనులో చెబితే నువ్వు మధ్యలో అందుకుంటావు. చివరిదాకా చదివి, తర్వాత మాట్లాడు.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. మోకాలు ఎలా ఉందన్నావు. నడుస్తున్నాను. కొత్త డ్రైవర్ దొరికాడా అన్నావు. దానికి జవాబు చివర్లో ఉంది. జీపు ఇంజిన్ హెడ్ విప్పితే ఏం తేలిందన్నావు. ముందు అది చెబుతాను.

నవంబర్ 14న మన డ్రైవర్ భద్రు భద్రాచలం నుంచి ఒంటరిగా వస్తుంటే అడవి దారిలో రేడియేటర్ పైపు పగిలింది. అతను వాగు దాకా నడిచి క్యానుతో నీళ్లు తెచ్చాడు. పగిలిన చోట ట్యూబు ముక్క చుట్టి, ఆగి ఆగి నీళ్లు పోసుకుంటూ సాయంత్రానికి జీపును ఇంటికి చేర్చాడు. రేడియేటర్ మూత తీస్తే లోపల టీ రంగు నురగ, పైన జిడ్డు. నేను ఫోనులో ఆ మాట చెప్పగానే నువ్వు విశాఖపట్నంలో కూర్చుని తేల్చేశావు: "నీళ్లలో నూనె వచ్చిందంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే. నీళ్లు లేకుండా నడిపాడు నానమ్మా. ఇక అతను వద్దు." ఇంజినీరువి. తాతయ్య పోయాక జీపు విషయంలో నీ మాటే చివరి మాటని అలవాటు చేసింది నేనే. ఫోను పెట్టేసి భద్రుకు అదే చెప్పాను. పదిహేడేళ్లు మన జీపు నడిపిన మనిషి తాళం చెవి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

మెకానిక్ గణేష్ హెడ్ విప్పాడు. నీళ్లనూ ఇంజిన్ ఆయిల్‌నూ కలవనీయకుండా ఆపే ఆ గాస్కెట్ ఎక్కడా కాలలేదు. హెడ్‌ను ఖమ్మం పంపి పరీక్ష చేయించాడు. పగులు లేదు. ఇంజిన్ ఆయిల్ కొలత పుల్ల మీద గుర్తు దగ్గరే ఉంది, రంగు మారలేదు. ఇది విప్పకముందే మనకు తెలియాల్సింది. రోజూ పొద్దున భద్రు ఆ పుల్ల తీసి చూపించేవాడు, నేను జీపు పుస్తకంలో రాసేదాన్ని. అక్టోబర్, నవంబర్‌లలో ఆయిల్ గీత దిగలేదు. ఇంజిన్ నూనె నీళ్లలోకి పోతుంటే ఇక్కడ తగ్గాలి కదా. పుస్తకం ఏం చెబుతోందని నువ్వు అడగలేదు, నేను తీసి చదవలేదు.

గణేష్ ఆ జిడ్డును రేకు డబ్బాలోకి తీసి, ఒక రాత్రి బయట పెట్టి, మర్నాడు నాకు చూపించాడు.

"చూడున్రి టీచరమ్మా, గడ్డకట్టింది. ఇంజిన్ ఆయిల్ గీ చలికి గడ్డకడ్తదా?" డబ్బాను పొయ్యి మీద పెట్టాడు. జిడ్డు కరిగింది. వాసన చూసి నవ్వాడు. "పూరీల వాసనొస్తుంది. మీ జీపుకు ఆకలైనట్టుంది, రేషన్ పామాయిల్ తాగింది. రబ్బరు పైపులు ఉబ్బి మెత్తవడ్డది గందుకే. ఎవరన్న పోసిన్రా?"

"నాకు తెలియదు" అన్నాను.

"ఇంకెవలు పోస్తరు, భద్రునే. మీ మీద ఏందో కోపం పెట్టుకున్నడు."

నేను కాదనలేదు. నాలుగు రోజుల్లో ఆ మాట ఊరంతా తిరిగింది. పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్ మీద భద్రుకు పని దొరికింది. యజమాని బండిలో నూనె పోసినవాడు మాకొద్దని వాళ్లు కూడా పంపేశారు.

జస్టిన్, ఆ నూనె పోసింది నేను.

అక్టోబర్ 25, దీపావళి. భద్రు రెండు రోజులు సెలవు అడిగి తండాకు వెళ్లాడు. ఆ సెలవు నాకు ఎక్కువనిపించింది. తుప్పు పట్టకుండా తాతయ్య ఏటా వానలు వెళ్లాక రేడియేటర్‌లో లేత్ మిషన్ల దగ్గర దొరికే నూనె పోసేవారు. అది నీళ్లలో పాలలా కలిసిపోతుంది. చూస్తే ఆ డబ్బా ఖాళీ. భద్రు లేకపోతే పని ఆగదని చూపించాలని, వంటింట్లో ఉన్న పామాయిల్ రెండు గ్లాసులు కొలిచి, గరాటు పెట్టి పోశాను. నూనె, నీళ్లు కలవవని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. మర్నాడు జిడ్డు తేలడం చూసి, పుస్తకంలో నూనె పోసిన రోజు వరుస రాయకుండా వదిలేశాను. అందులో ఖాళీ వరుస అదొక్కటే.

నవంబర్‌లో మూత తీసిన రోజే నాకు అనుమానం వచ్చింది. నువ్వు హెడ్ గాస్కెట్ అన్నావు. ఆ మాట నాకు హాయిగా అనిపించింది.

మొన్న శనివారం తండాకు వెళ్లాను. భద్రు వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. అతని భార్య ద్వాలి నా చేతి సంచి వైపు చూసింది.

"సంచిల ఏముంది టీచరమ్మా, నూనెనా?"

భద్రు ఆమెను ఊరుకోమన్నాడు. నేను నిలబడే చెప్పాను, పోసింది నేనని.

"ఎరుకే" అన్నాడు, చేతిలో పని ఆపకుండా. "పండుగ నుంచి వచ్చిన నాడే చూసిన. గరాటు బానెట్ కింద మర్సిపోయిన్రు. నేనే కడిగి మీ వంటింటి కిటికిల పెట్టిన. నీళ్లు రెండుసార్లు మార్చిన, జిడ్డు పోలే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ముందుగాల మీకు నామోషి అయితదని. తర్వాత బాబు ఫోన్ల నన్ను తీసేసినప్పుడు, మీరే చెప్తరని చూసిన. మీరు ఫోన్ పెట్టి నాతోని ఏమన్నరు? నీళ్లు లేకుండ నడిపినవన్నరు. వాగుకాడికెళ్లి నీళ్లు మోసినోన్ని పట్టుకొని."

మళ్లీ పనిలోకి రమ్మన్నాను. తల ఎత్తాడు.

"నౌకరీ తర్వాత సంగతి. నేను పోయలేదని గణేష్ షెడ్డుల చెప్పున్రి. యాడ మాట పుట్టిందో ఆడనే చెప్పున్రి."

మంచినీళ్లు కూడా అడగకుండా వచ్చేశాను. అడిగితే ఇచ్చేవాళ్లే.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే భద్రుకు ఉత్తరం రాయి. చూడకుండా, అడగకుండా నిర్ణయించానని రాయి. నానమ్మ చెప్పలేదని నా పేరు అడ్డం పెట్టుకోకు. అతనికి చదువు రాదు. తండా బడి పంతులు పైకి చదువుతారు, వినేవాళ్లు వింటారు.

2. గణేష్‌కు నేనే చెబుతాను. రేపు పొద్దున, షెడ్డులో నలుగురూ ఉన్నప్పుడు. నువ్వు వెనకనుంచి ఫోన్ చేసి, ఆవిడకు వయసు మీద పడిందని చెప్పకు.

3. రేడియేటర్‌నూ, ఇంజిన్‌లో నీళ్లు తిరిగే దారులనూ వేడినీళ్లు, సబ్బు పొడితో జిడ్డు తేలడం ఆగేదాకా కడగాలి. రబ్బరు పైపులన్నీ మార్చాలి. అప్పటిదాకా జీపు కదలదు.

4. జీపు పుస్తకంలో అక్టోబర్ 25 వరుస ఇవాళ నా పేరుతో నింపాను: రేడియేటర్‌లో పామాయిల్, రెండు గ్లాసులు, పోసినది మరియమ్మ. నవంబర్ 14 వరుసలో డ్రైవర్ తప్పు అని నీ మాటగా రాసి ఉంది. నువ్వు వచ్చి నీ చేత్తో కొట్టివేయాలి.

5. కొత్త డ్రైవర్‌ను వెతకవద్దు. తాళం చెవి భద్రు పెట్టిన చోటే, కిటికీ గట్టు మీద ఉంది. నేను తీయను, నువ్వూ తీయకు. అతను రాకపోతే జీపు అక్కడే ఉంటుంది. మందిరం రెండు కిలోమీటర్లు. మోకాలు ఎలా ఉందని మళ్లీ అడగకు.

ఇట్లు,
నీ నానమ్మ.