చెత్తలో పోసిన ఊపిరి

పెద్దదానా, వేళకు తింటున్నాను, నా గురించి బెంగపడకు. మీ తమ్ముడు పోయే ముందు ఒక్కడే కూర్చుని వేళ్లతో మీటిన గిటారు పాటల ఆల్బం వచ్చింది. రికార్డింగు చేసినాయన ఇంటికొచ్చి వినిపించాడు. తీగల మీద వేళ్లు జారిన కీచు లేదు. పాట ఎత్తుకునే ముందు వాడు గట్టిగా తీసే ఊపిరీ లేదు. ఏదయ్యా అంటే, "చెత్తంతా ఏరేసి శుభ్రం చేశానమ్మా" అని మురిసిపోయాడు.

"నా కొడుకు ఊపిరి నీకు చెత్తా నాయనా?" అన్నాను. మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేశాను.

మీ ఆయనకు దగ్గు తగ్గిందా? నాన్చకుండా డాక్టరుకు చూపించు. వాడు ఇంట్లో వాయించి నీ ఫోనుకు పంపిన పాట చెరపకు. వచ్చినప్పుడు పాటంతా వద్దు, మొదట్లో ఆ ఊపిరి వరకు వినిపించు, చాలు. మీరైనా నిండా నూరేళ్లూ ఉండండి.

అమ్మ