ఘాలా క్యాంపులో యుద్ధం పాయింట్లు

ఘాలా క్యాంపు, ఆరో రూమ్.

అల్ ఖువైర్ ఆఫీసులో ఏసీ కింద కూర్చున్న రాజేశ్వరి మేడమ్‌కు మేస్త్రీ నర్సయ్య దండాలు.

ఆరో రూమ్ మహాసభ ఏకగ్రీవంగా తీర్మానించి లోకానికి చాటునదేమనగా: నేటినుంచి ఎర్ర బకెట్‌లో ఎవరూ సాక్సులు నానబెట్టరాదు. నానబెట్టినవాడికి చాయ్ బంద్.

ఇక చిన్న సంగతి. సైట్ అయిపోయింది, సర్వీసు ఎక్కువున్నవాళ్లు ఇంటికి, మిగతావాళ్లు సలాలా సైట్‌కు అన్నారు. మరి మా జావెద్? వాడు ఈ ఎడారి దేశానికి వచ్చాక పుట్టిన కూతురు సిద్రా ఇప్పుడు పరుగెత్తుతోందట. వాడింకా ఫోన్‌లోనే చూస్తున్నాడు. బ్యాగు సర్దుతాడు, విప్పుతాడు, మళ్లీ సర్దుతాడు. "కూసోరా" అంటే, "ఎట్ల కూసోవాలె కాకా" అంటాడు.

రెండో ప్రపంచ యుద్ధమయ్యాక అమెరికావాళ్లు సైనికులను పాయింట్ల లెక్కన ఇంటికి పంపారని యూట్యూబ్‌లో చూశాను. సర్వీసుకు, సముద్రం దాటినందుకు, మెడల్‌కు, పిల్లలకు పాయింట్లు. మనమూ అట్లే చేద్దాం.

ఇట్లు, నర్సయ్య

తా.క.: ఫోన్ చేస్తే "రాసి పంపండి" అన్నారు. రాశాను. ఇక చదవడం మీ కర్మ.

*

నర్సయ్య గారికి నమస్కారం.

మన అమెరికా మేనేజర్ గారికి మీ పాయింట్లు తెగ నచ్చాయి. వాళ్ల తాతగారు ఆ యుద్ధంలో సైనికుడట. అందరి వివరాలూ పంపండి.

ఇట్లు, రాజేశ్వరి

*

మేడమ్‌కు దండాలు.

వివరాలు పంపుతున్నా. మా రూమ్ సమీయుల్లా తన కబడ్డీ కప్పు కూడా మెడల్ కిందే రాయమన్నాడు.

ఇట్లు, నర్సయ్య

తా.క.: కప్పు బస్సులో వస్తోంది. చూసి తిరిగి పంపండి, అందులోనే అతను పప్పు తింటాడు.

*

నర్సయ్య గారికి,

పెళ్లికాని జితేందర్‌కు నలుగురు పిల్లలేమిటి? మేనల్లుళ్లు లెక్కలోకి రారు.

మీకు అభినందనలు. సర్వీసులో మీకన్నా పాతవాళ్లున్నా, నలుగురు కూతుళ్లు, సేఫ్టీ మెడల్ కలిపితే మీరే మొదట. జావెద్ అడుగున ఉన్నాడు. అతని పేరు అడ్డం పెట్టుకుని ఇదంతా మీకోసమే తెచ్చారని అర్థమైంది.

ఇట్లు, రాజేశ్వరి

*

మేడమ్‌కు నర్సయ్య దండాలు.

అసలు రూలు రాయడం మరిచాను. పుట్టాక ముఖం చూడని బిడ్డ ఉన్న సైనికుడికి పాయింట్లే అక్కర్లేదు. జాబితాలో మొదటివాడు లేచి తన సీటు ఇవ్వాలి. నా సీటు జావెద్‌కు రాయండి.

ఇట్లు, నర్సయ్య

తా.క.: గాలి మార్పు కోసం సలాలా పోతున్నానని మా ఆవిడ సత్తవ్వకు చెప్పాను. "ఇన్నేండ్ల సంది ఏ గాలి పీలుస్తున్నవ్ మరి?" అన్నది.

*

నర్సయ్య గారూ, నన్ను క్షమించాలి.

ఆ రూలు వినగానే మేనేజర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా తాతను ఇంటికి చేర్చింది సరిగ్గా ఆ రూలే" అన్నారు. జావెద్ టికెట్ ఖాయం.

ఇట్లు, రాజేశ్వరి

తా.క.: అది ఎక్కడ చూశారో రాయండి. ఫ్రేము కట్టించి గోడకు పెడతారట.

*

సలాలా క్యాంపు.

మేడమ్‌కు దండాలు.

జావెద్ ఇల్లు చేరాడు. సిద్రా వాణ్ని చూసి కెవ్వున ఏడ్చి, "అబ్బాజాన్ దీంట్ల ఉంటడు" అంటూ ఫోన్ తెచ్చి చూపించిందట.

ఇట్లు, నర్సయ్య

తా.క.: యుద్ధం నిజం. పాయింట్లు నిజం. ముఖం చూడని బిడ్డ రూలు మాత్రం చాయ్ మరిగేలోపు నేను పుట్టించింది. మరి ఆ తాతగారు ఏ రూలు మీద ఇల్లు చేరారో, మేనేజర్ గారిని మీరే మెల్లగా అడగండి.