ధరణి ఒక్కపొద్దులు

అత్తా,

నేనూ ధరణీ హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి పోతాండాం. సాయంత్రం బస్సుకు వస్తాం. రాగిపిండి డబ్బాలో ఉండాది, పొద్దు మునిగేలోగా సంగటి కెలికి పెట్టు. చెనిక్కాయల ఊరుబిండి నేనే నూరి పెట్టినా. బిడ్డ తింటాంటే ఎదురుగా కూర్చొని చూడొద్దు. సన్నగైనావనీ, ఒళ్లు చేసినావనీ ఏమీ అనొద్దు.

వారానికి మూడు ఒక్కపొద్దులుంటే, మనవరాలికి ఎంత భక్తో అని నువ్వు వీధంతా చెప్పుకొంటివి. ఒక్కపొద్దన్నాక ఒక పూటైనా తినాల కదా. ఆ పూట ముద్ద కూడా దొడ్లో కుక్కకు వేసేది. ఇంత ఎండల్లో చలి అని స్వెట్టర్ వేసుకునేది. నేను అడిగితే, దేవుడి పనికి అడ్డం పడతాండావని నువ్వు నన్నే తిడితివి. అది మాత్రం మర్చిపోను.

పోనీలే. ఇది లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బని, మొదట్లోనే కనిపెట్టినాం కాబట్టి కుదురుతుందని డాక్టరమ్మ పోయిన వారం చెప్పింది. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టింది.

సునంద

ఇంకో మాట. ఈరోజు శనివారమైనా బిడ్డ నా తట్టలోని దోసె తుంచుకొని తినింది. "అవ్వ ఏమన్నా అంటుందామ్మా?" అని అడిగింది. ఏమీ అనదని నీ తరపున నేనే మాటిచ్చినా.